మందు ముట్టను, బీరు మాత్రమే!

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మన కుర్రాళ్ళలో "మందు ముట్టను, బీరు మాత్రమే" అనేవాళ్ళు చాలామందే. ఇందులో ఎంత నిజముందో సీసా మీది లేబులే చెబుతుంది. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. ఆల్కహాలు మైల్డ్‌లో 5 శాతం దాకా, స్ట్రాంగ్‌లో 8 శాతం దాకా. మిల్లీలీటర్లలో అంత శాతం ఎంతో చూసి 0.79తో గుణిస్తే గ్రాములొస్తాయి. మైల్డ్ సీసాలో సుమారు 26 గ్రాములు, 8 శాతం స్ట్రాంగ్‌లో 41. మన విస్కీ 42.8 శాతం, 30 మిల్లీలీటర్ల పెగ్గుకి 10 గ్రాములు. అంటే ఒక స్ట్రాంగ్ సీసా నాలుగు చిన్న పెగ్గులు! మన దేశంలో అమ్ముడయ్యే బీరులో ఎక్కువ భాగం స్ట్రాంగే.

కాలేయం ఆల్కహాలును గంటకి 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్ళ స్నానం ఆ వేగాన్ని పెంచవు. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో ఒక స్ట్రాంగ్ సీసా గబగబా తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 85 మిల్లీగ్రాముల దగ్గరికి చేరవచ్చు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవారికి హద్దు 30. గంటకి 15 చొప్పున తగ్గుతుంది కాబట్టి ఆ హద్దు కిందికి రావడానికి దాదాపు నాలుగు గంటలు కావాలి. ఆడవాళ్ళ ఒంట్లో నీటి శాతం తక్కువ గనక అదే సీసాకి ఈ అంకె ఇంకా ఎక్కువ. పట్టుబడితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

ఇక ఎండాకాలం మాట: "బీరు చలవ, కిడ్నీలో రాళ్ళు కరుగుతాయి." నీళ్ళను పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్‌ను ఆల్కహాలు అణచేస్తుంది. అందుకే మాటిమాటికీ మూత్రం వస్తుంది, నాలుక ఎండుతుంది. రాయి కరగదు. పైగా బీరులో ప్యూరిన్లుంటాయి. అవి యూరిక్ యాసిడ్‌గా మారతాయి, ఆల్కహాలేమో దాన్ని బయటికి పోనివ్వదు. బొటనవేలి కీలు వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని గౌట్ నొప్పికి కారణం ఇదే. యూరిక్ యాసిడ్ కూడా ఒకరకం రాయి కడుతుంది. రాళ్ళకి వైద్యమని తాగినవాడికి కొత్త రాయి రావడం వింతేమీ కాదు.

పొట్ట సంగతి. ఆల్కహాలు గ్రాముకి 7 కేలరీలు. స్ట్రాంగ్ సీసాలో అవే 287, మిగిలిన పిండిపదార్థాలతో కలిపి 350 దాటుతాయి. కాలేయం ముందు ఆల్కహాలును తగలబెడుతుంది, స్టఫ్‌గా తిన్న చిల్లీ చికెన్ కొవ్వు వరసలో వెనకబడి నడుము చుట్టూ చేరుతుంది.

షుగర్‌కి ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్‌గానీ వాడేవారికి ముప్పు వేరు. కాలేయం ఆల్కహాలు పనిలో పడి కొత్త గ్లూకోజు తయారీ తగ్గిస్తుంది. తినకుండా తాగి పడుకుంటే తెల్లవారుజామున షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. పక్కనున్నవాళ్ళు మత్తనుకుంటారు.

ఆల్కహాలుకీ క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం 1988 నుంచీ స్థిరపడిన విషయం. ఇంత వరకైతే ఫరవాలేదని చెప్పదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చింది.

డబ్బు లెక్క చిన్నదే. శని, ఆదివారాల్లో రెండేసి సీసాలు, సీసా 200 అనుకుంటే ఏడాదికి 41,600. పబ్బులో ఇంకా ఎక్కువ. అందులో పెద్ద వాటా ఎక్సైజ్ సుంకమే. 2024-25కి కర్ణాటక ఎక్సైజ్ శాఖ పెట్టుకున్న లక్ష్యం 38,525 కోట్లు. ఇంత ఆదాయాన్నిచ్చే సరుకును తగ్గించమని ప్రభుత్వాలు గట్టిగా చెప్పడం అరుదు, పార్టీ ఏదైనా సరే. మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు. కాబట్టి బారు బిల్లులో జీఎస్టీ తిండి పద్దులకే ఉండాలి. బీరు పద్దుకీ వేసి ఉంటే అక్కడే అడిగి తీయించుకోవచ్చు.