ముసురు పడితే చెట్లకి ఆకలేయదా?

చిరంజీవులు చిట్టికి, బాబికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిట్టి అడిగింది: "వారం నుంచి ముసురు కదా తాతయ్యా, ఎండే లేదు. మరి చెట్లకి ఆకలేయదా?" అని. బదులు చెప్పేలోగా మీ అమ్మ హోంవర్క్ అంటూ ఫోన్ లాక్కుంది. అందుకని రాస్తున్నాను.

ఆకుని పెళ్లివారి వంటశాల అనుకోండి. మన వైపు పెళ్లంటే పెరట్లో గాడిపొయ్యి తవ్వి, వరసగా గుండిగలు ఎక్కిస్తారు. ఆకుకి పొయ్యి పత్రహరితం, మంట ఎండ. నీళ్లు వేళ్ల నుంచి ఎక్కుతాయి. మరి బియ్యం? మట్టిలోంచి అనుకుంటారు అందరూ. కాదు, గాలిలోంచి! కార్బన్ డయాక్సైడ్ అని పదివేల పాళ్ల గాలిలో నాలుగు పాళ్లకి కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. ఆకుకి, ముఖ్యంగా అడుగువైపు, కంటికి ఆనని కిటికీలుంటాయి. వాటిలోంచి అది లోపలికి వస్తుంది. ఉడికి దిగేది చక్కెర. నీళ్లని విరగ్గొట్టగా మిగిలిన ఆక్సిజన్‌ని ఆకు బయటికి పారేస్తుంది. మనం పీల్చుకు బతికేది ఆ పారేసిందే.

నమ్మబుద్ధి కాదు కదా? బ్రసెల్స్ నగరానికి చెందిన వాన్ హెల్మాంట్ అనే ఆయన 90 కిలోల ఎండు మట్టిని తూచి తొట్టిలో పోసి, రెండు కిలోల పైచిలుకు విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు తప్ప ఏమీ పోయలేదు. చెట్టు 77 కిలోలైంది. మట్టి 60 గ్రాములైనా తగ్గలేదు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. చెట్టంతా నీళ్లే అనుకున్నాడు పాపం, గాలి సంగతి తట్టలేదు.

ఇక చిట్టి ప్రశ్న. నా చిన్నప్పుడు మా మేనత్త కూతురి పెళ్లి శ్రావణంలో జరిగింది. ఒకటే వాన. బస్తాల కొద్దీ బియ్యం ఉంది, కాలవ నిండా నీళ్లున్నాయి, చెయ్యి తిరిగిన వంటవాళ్లున్నారు. కట్టెలు తడిసిపోయాయి. గొట్టంతో ఊదడానికి నన్ను కూర్చోబెట్టారు. పొగకి కళ్లు మండిపోయాయి గానీ గుండిగలో ఎసరు మరగలేదు. మా మామయ్యకి టెన్షన్ ఎక్కువైపోయి ఇంకో బస్తా బియ్యం మోయించుకొచ్చాడు! "పొయ్యి మండకపోతే బియ్యమెందుకండీ" అని పెద్ద వంటాయన విసుక్కున్నాడు. (మగపెళ్లివారు అలిగారు, అదో పెద్ద కథ.)

1905లో బ్లాక్‌మన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఆకు విషయంలో ఇదే మాట రాశాడు. ఏది కొరతగా ఉందో అదే మొత్తం పనిని పట్టి ఆపుతుంది, మిగతావి ఎంత పెంచినా లాభం లేదని. మీ అమ్మకీ ఈ మాట చదివి వినిపించండి. పిల్లాడికి నిద్ర చాలనప్పుడు ఇంకో ట్యూషన్ పెట్టి ఏం ప్రయోజనం?

మన డెల్టాలో ఏ రైతునడిగినా సార్వా (వానాకాలం పంట) కన్నా దాళ్వాలో (ఆ తర్వాత వేసే రెండో పంటలో) బస్తాలు ఎక్కువ దిగుతాయంటాడు. సార్వా వరి మబ్బుల కింద పెరుగుతుంది. ఈనే వేళకి, గింజ పాలు పోసుకునే వేళకి ముసురు పట్టిందా, తాలు పెరిగిపోతుంది. చేతిలో నలిపి చూస్తే ఊక తప్ప లోపల ఏమీ ఉండదు. దాళ్వాకి కాలవ నీళ్లకి తోడు నిండా ఎండ. పొయ్యి భగభగ మండుతుంది.

అలాగని మంట ఉంటే చాలదు. మే నెల మధ్యాహ్నం ఎండకి కొదవేముంది? కానీ నీళ్లు చాలక ఆకు కిటికీలు మూసేసుకుంటుంది, ఉన్న తడి ఆవిరైపోకుండా. దాంతో బియ్యం రాదు. పైగా వేడి ముదిరితే వంటాయనకే మతి తప్పుతుంది. ఆకులో కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే ఎంజైమే ఆ వంటాయన, రుబిస్కో అంటారు ఆయన్ని. కార్బన్ డయాక్సైడ్‌ని అందుకోవాల్సింది పోయి మామూలుకన్నా ఎక్కువసార్లు ఆక్సిజన్‌ని అందుకుంటాడు. చేసిన పనిలో కొంత వృథా. జొన్న, మొక్కజొన్న, చెరకు మాత్రం తెలివైనవి. బియ్యం ఏరి వంటాయన చేతికే అందించే మనిషిని విడిగా పెట్టుకున్నాయి. అందుకే ఎండల్లో వరి కన్నా అవి దర్జాగా ఉంటాయి. బ్రహ్మజెముడైతే కిటికీలు రాత్రిపూట తెరిచి సరుకు దాచుకుంటుంది, పగలు వండుకుంటుంది. దానికెవరు నేర్పారో గానీ!

ఇంతకన్నా నన్నడక్కండి, మీరే చూడండి. చేపల తొట్టెలమ్మే కొట్లో హైడ్రిల్లా అని నాచు మొక్క దొరుకుతుంది. జగదీశ్ చంద్రబోస్ గారూ ఆ మొక్కతోనే పరీక్షలు చేసి 1924లో పుస్తకం వేశారు. ఒక రెమ్మ కాడ కోసి, కోసిన కొస పైకి ఉండేలా గాజుగ్లాసు నీళ్లలో ముంచి ఎండలో పెట్టండి. కొసలోంచి సన్నని బుడగలు వరసగా లేస్తాయి. నిమిషానికెన్నో లెక్కపెట్టండి. తర్వాత గ్లాసుని కిటికీకి దూరంగా జరిపి మళ్లీ లెక్కపెట్టండి. మళ్లీ ఎండలోకి తెచ్చి చిటికెడు వంటసోడా వేసి చూడండి, నాచుకి బియ్యం పోసినట్టే. ఫ్రిజ్ నీళ్లతో చేస్తే ఏమవుతుందో నేను చెప్పను. బాబీ, లెక్క నువ్వు రాయి. చిట్టి గడియారం చూస్తుంది. కాగితం ఫొటో తీసి పంపండి.

మీ తాతయ్య