5 ఎంఎల్ అంటే ఎంత మందు?

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను ఫార్మసిస్టుగా పనిచేసే మందుల షాపుకి పిల్లల జ్వరం మందు కోసం వచ్చేవాళ్లు ఎక్కువగా రాత్రి తొమ్మిది దాటాకే వస్తారు. మొన్న వానలో తడుస్తూ ఒకాయన వచ్చాడు.

"అక్కా, పాపకు జ్వరం. పారాసిటమాల్ సిరప్ ఇయ్యి. 5 ఎంఎల్ పొయ్యాలె కదా?"

"పాప బరువెంతన్నా?"

"మూడేండ్లు."

బరువు అడిగితే వయసు చెప్పడం నాకు దాదాపు రోజూ ఎదురయ్యేదే. ఇందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. మన ఇళ్లల్లో పిల్లల లెక్కంతా ఏళ్లలోనే నడుస్తుంది. బట్టలు, బడి, బస్సు టికెట్టు అన్నీ వయసుతోనే. కానీ మందుకి పుట్టినరోజుతో పనిలేదు. అది ఎంత ఒంట్లోకి పరుచుకోవాలి, కాలేయమూ మూత్రపిండాలూ దాన్ని ఎంత తొందరగా వదిలించుకుంటాయి అన్నదే లెక్క.

వయసుని బట్టి మందు పోసే పద్ధతి వైద్యులూ వాడిందే. కాంతి తరంగమని ప్రయోగంతో చూపించిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ (1773–1829) వైద్యుడు కూడా. ఆయన పేరుతో ఒక సూత్రం ఉంది. పిల్లవాడి వయసుని, ఆ వయసుకి 12 కలిపితే వచ్చిన అంకెతో భాగించాలి. నాలుగేళ్లవాడికి 4/16, అంటే పెద్దల మోతాదులో పావు వంతు. నోటిలెక్కకి సులువే. కానీ మూడేళ్ల పిల్లల్లో 11 కిలోలున్నవాళ్లూ 17 కిలోలున్నవాళ్లూ మా కౌంటర్ ముందుకొస్తారు. ఆ సూత్రం ఇద్దరికీ ఒకే మందు పోస్తుంది.

ఆయన ఇంటికి ఫోన్ చేశాడు. పోయిన వారమే అంగన్‌వాడీలో తూచారట, 12 కిలోలు. పారాసిటమాల్ ఒక్కో మోతాదు కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మోతాదుకీ మోతాదుకీ మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు. 24 గంటల్లో నాలుగుసార్లు మించకూడదు. 12 కిలోలకి పైహద్దు 180 మిల్లీగ్రాములు. లెక్కలో మొదటి సగం ఇంతే. పొరపాట్లన్నీ జరిగేది రెండో సగంలో.

షెల్ఫులోంచి మూడు సీసాలు తీసి ఆయన ముందు పెట్టాను. మూడింట్లోనూ పారాసిటమాలే. ఒకదాని మీద 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములు, ఇంకోదాని మీద 5 ఎంఎల్‌కి 250 అని ఉంది. మూడోది చుక్కల మందు, దాంట్లో ఒక్క ఎంఎల్‌కే 100. పాపకి కావలసిన 180 మిల్లీగ్రాములు మొదటి సీసాలో 7.5 ఎంఎల్, రెండోదాంట్లో 3.6, మూడోదాంట్లో 1.8. చంటిపిల్లలు ఎక్కువ పోస్తే ఉమ్మేస్తారు కాబట్టి డ్రాప్స్‌ని అంత చిక్కగా చేస్తారు.

అప్పుడాయన ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. "మరి ఇంట్ల ఇది ఉన్నది అక్కా, చిన్నోనిది." డ్రాప్స్ సీసా. ఆ సీసాలోంచి 5 ఎంఎల్ పోసి ఉంటే 500 మిల్లీగ్రాములు వెళ్లేది. పెద్దవాళ్లు వేసుకునే మాత్ర ఒకటి మొత్తం, ఆ పాప పైహద్దుకి దాదాపు మూడింతలు. అందుకే "ఎన్ని ఎంఎల్?" అన్న ప్రశ్నకి, ఏ సీసా అన్నది తెలియకుండా నేను జవాబు చెప్పను.

ఒక్కసారి ఎక్కువైతేనే కాదు, కొంచెం కొంచెం ఎక్కువగా పదే పదే పోసినా ప్రమాదమే. ఒంట్లోకి వెళ్లిన పారాసిటమాల్‌లో చాలా భాగాన్ని కాలేయం ఏ హానీ లేని రూపంలోకి మార్చి మూత్రంలోకి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. దాన్ని అణచడానికి కాలేయంలో గ్లూటాథయోన్ అనే నిల్వ ఉంటుంది. మోతాదు మించితే ఆ నిల్వ అడుగంటి కాలేయ కణాలు చనిపోతాయి. నాకు భయం కలిగించేది ఏమిటంటే, మొదటి రోజు పిల్లలు బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. దెబ్బ బయటపడేది ఒకటి రెండు రోజుల తర్వాతే. విరుగుడు ఉంది, ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మొదటి 8 గంటల్లో ఇస్తే అది చాలా బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎక్కువ పోశామని అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తాలి. చాలా జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండూ పోస్తే రెట్టింపు వెళ్లినట్టే.

బరువు తెలిస్తే ఏ మందైనా పెద్దల మోతాదుని కిలోల చొప్పున విడగొట్టి ఇవ్వొచ్చా? ఇవ్వకూడదు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ని ఒకప్పుడు అప్పుడే పుట్టిన బిడ్డలకీ ఇచ్చేవారు. కొందరు బిడ్డలు పొట్ట ఉబ్బి, ఒళ్లు బూడిదరంగుకి తిరిగి చనిపోయారు. దానికి కారణం ఈ మందేనని 1959లో తేలింది. ఆ మందుని మార్చి బయటికి పంపే ఎంజైమ్ నవజాత శిశువు కాలేయంలో ఇంకా సరిగా తయారై ఉండదు. పోసిన ప్రతి మోతాదూ లోపలే పేరుకుపోయింది.

రెండు మూడేళ్ల పిల్లల్లో కథ తిరగబడుతుంది. ఆస్తమాకి వాడే థియోఫిలిన్ లాంటి మందుల్ని కిలో లెక్కన పెద్దవాళ్లకంటే వేగంగా ఖర్చు చేసేస్తారు. మన పాపనే తీసుకుందాం. బరువు 60 కిలోల మనిషిలో ఐదో వంతు. ఎత్తు 90 సెంటీమీటర్లు అనుకుంటే ఒంటి ఉపరితలం సుమారు 0.55 చదరపు మీటర్లు, ఆ మనిషిలో మూడో వంతు. ఒంటి వేడి, రక్త ప్రసరణ, మందు ఖర్చయ్యే వేగం చాలావరకు ఈ రెండో నిష్పత్తికే దగ్గరగా నడుస్తాయి. క్యాన్సర్ మందుల్ని చదరపు మీటర్ల లెక్కన ఇచ్చేది అందుకే. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుని 1947లో బోస్టన్‌లో లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న పిల్లలకి మొదటిసారి ఇచ్చారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈ ఊళ్లోని పిల్లల క్యాన్సర్ వార్డుల్లో ఇవాళ్టికీ చదరపు మీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అన్న లెక్కతోనే ఎక్కుతుంది. ఇలాంటి లెక్కలు ఇంట్లో కట్టేవి కావు. పారాసిటమాల్ తప్ప మిగతావన్నీ డాక్టరుకే వదిలేయండి.

ముఖ్యంగా వానాకాలం జ్వరాల్లో. డెంగీ కావచ్చన్నప్పుడు ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ పోయకూడదు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. మూడు నెలలు నిండని బిడ్డకి జ్వరమొస్తే అసలు మా షాపుకి రావద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లో చెంచాతో కొలవకండి. ఏ రెండు చెంచాలూ ఒక్కలా పట్టవు. సూది లేని సిరంజి దొరుకుతుంది, గీత సరిగ్గా కనిపిస్తుంది. పాపకి 250 రకం సీసా ఇచ్చి, కుదిపి పొయ్యమని చెప్పాను. అడుగున పేరుకునే రకం మందైతే, కుదపకుండా పోస్తే మొదటి రోజు నీళ్లూ చివరి రోజు మందూ పోసినట్టవుతుంది. సిరంజి మీద 3.6 దగ్గర పెన్నుతో గీత పెట్టాను. అట్టపెట్టె మీద "12 కిలోలు, 3.6 ఎంఎల్, 6 గంటలకోసారి" అని రాసి తేదీ వేశాను.

డబ్బులిచ్చి రెండడుగులు వేసి ఆయన మళ్లీ వెనక్కొచ్చాడు.

"అక్కా, చిన్నోనికి గూడ జర ఒళ్లు వెచ్చగున్నది. ఆ డ్రాప్స్ ఎంత పొయ్యాలె? ఐదు నెల్లు..." అని ఆగి, ఫోన్ తీశాడు. "ఉండు, బరువు అడిగి చెప్త."