వరద కట్టలో ఊట: అపోహలు - వాస్తవాలు

చిన్న ప్రైవేటు వరద కట్టల యజమానులు తరచూ అడిగేది ఒకటే: "కట్ట కింద కాస్త నీరు ఊరుతోంది, మట్టి కట్టకు అది మామూలేగా?"

అపోహ: ఏళ్లుగా ఊరుతున్నదే, ఏమీ కాదు.

వాస్తవం: తేటగా, ఒకే తీరున వచ్చే ఊట మామూలే. అందులో మట్టి వస్తోందంటే మాత్రం కట్టకు లోపల బుంగ పడుతోంది. అది దిగువ పాదం దగ్గర మొదలై ఎగువకు పాకుతుంది. నిలిచిన నీటిని అందుకుందంటే గండి పడటానికి కొన్ని గంటలు చాలు. ముందుగా తూము గొట్టం బయటికి వచ్చే చోట చూడండి. గుండ్రటి గొట్టం అడుగున మట్టిని గట్టిగా దిమ్మిస చేయడం కష్టం, అందుకే నీరు ఆ దారే వెతుక్కుంటుంది. గొట్టం తుప్పుపట్టినా, అతుకులు వదులైనా చుట్టూ ఉన్న మట్టి లోపలికి జారుతుంది. అప్పుడు గొట్టం మీదుగా కట్టపై గుంట పడుతుంది.

ఊట నీటిని గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకండి. అడుగున మట్టి పేరుకుందేమో చూడండి. 10 లీటర్ల బకెట్ నిండటానికి పట్టిన సెకన్లు, ఆనాటి నీటిమట్టం పక్కపక్కనే రాసుకోండి. మట్టం పెరిగితే ఊటా పెరుగుతుంది, దానికి కంగారు పడొద్దు. మట్టం మారకుండానే 50 సెకన్ల బకెట్ 30 సెకన్లకు నిండిందా, ఇంజినీరును ఆ రోజే పిలవండి.

బురద నీరు వస్తుంటే ముందు దిగువ ఇళ్లవారికి, అధికారులకు ఫోన్ చేయండి. తూము తెరిచి మట్టం తగ్గించండి. ఊట నోటిని బంకమట్టితో మూయొద్దు, లోపల ఒత్తిడి పెరిగి నీరు ఇంకోచోట తన్నుకొస్తుంది. ముతక ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు పరిస్తే మట్టి ఆగుతుంది, నీరు పోతుంది. ఇసుక కొట్టుకుపోయేంత జోరుంటే ముందు రాళ్లేసి జోరు తగ్గించాలి. కట్ట కుంగుతుంటే దాని మీద గానీ, కింద గానీ ఎవరూ ఉండకూడదు.

అపోహ: ఏడాదంతా ఎండి ఉండే కట్టకు తనిఖీ ఎందుకు?

వాస్తవం: ఎండిన బంకమట్టి బీటలు వారుతుంది, ఎలుకలు, పందికొక్కులు బొరియలు తవ్వుతాయి. అలాంటి కట్టకు పెద్ద వరద దాదాపు మొదటిసారి నింపినట్లే. అమెరికాలో టీటన్ డ్యామ్ 1976లో కూలింది మొదటిసారి నింపుతున్నప్పుడే. నీరు నిలిచినన్నాళ్లూ, దిగాక మరికొన్ని రోజులూ కట్ట పాదం వెంట నడిచి చూడాలి.

అపోహ: అలుగుపై ఇసుక బస్తాలు పేరిస్తే ఇంకాస్త నీరు ఆగుతుంది.

వాస్తవం: ఆ నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, మట్టి కట్ట దానికి తట్టుకోలేదు. హవాయిలో కా లోకో కట్ట 2006లో తెగి ఏడుగురు చనిపోయారు. అలుగు పూడిపోయి ఉందని విచారణలో తేలింది.

చిన్న కట్టకు చిన్న ప్రమాదమే అన్నదీ అబద్ధమే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పట్టుమని 15 మీటర్ల ఎత్తయినా లేని కెల్లీ బార్న్స్ కట్ట 1977లో తెగి 39 మందిని పొట్టనబెట్టుకుంది.

చెట్ల వేళ్లు కట్టను పట్టి ఉంచవు. చెట్టు చచ్చాక వేరు కుళ్లి, ఆ ఖాళీ నీటికి దారి అవుతుంది. మొక్కగా ఉన్నప్పుడే పీకేయండి. మానైపోతే ఇంజినీరు చెప్పకుండా నరకొద్దు, మొద్దునూ వేళ్లనూ తవ్వి తీసి, ఆ గుంతను పొరపొరగా మట్టి వేసి దిమ్మిస చేయాలి.