గుంటూరు చేలకు దిబ్బ ఎరువు ఎలా దూరమైంది?

సేంద్రియ సాగు మాట వస్తే చాలామంది "రైతులు మందులకు అలవాటు పడిపోయారు" అనేస్తారు. గుంటూరు జిల్లా చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు. రైతు తెలియక దిబ్బ ఎరువు మానలేదు.

ఒకప్పుడు ఎరువంటే ఇంటి వెనక పెంటదిబ్బే. పేడ, పశువులు తొక్కిన గడ్డి, పొయ్యి బూడిద అన్నీ అక్కడే పడేవి. పార దింపితే మాగని చోట ఆవిరి లేచేది. మాగిన చోట నల్లగా పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉండేది. ఎండాకాలంలో దాన్ని బండ్లకెత్తి చేలో చిమ్మేవాళ్లు. చెరువు మట్టి తోలేవాళ్లు, గొర్రెల మందలు కట్టించేవాళ్లు. డెల్టాలో వరి కోతకు ముందే మినుము, పిల్లిపెసర, జనుము చల్లితే వాటి వేరు బుడిపెలే గాలిలోని నత్రజనిని నేలకు పట్టిచ్చేవి.

1967లో సాగర్ కాలువకు నీళ్లొదిలారు. దాదాపు అదే సమయంలో ఐఆర్-8 వరి వచ్చింది. ఆ పొట్టి రకాలు నత్రజని ఎంత వేస్తే అంత దిగుబడి ఇచ్చాయి. కరువు చూసిన తరం యూరియా బస్తా ఎత్తుకోవడంలో తప్పేం లేదు. తర్వాత ట్రాక్టరు వచ్చింది. ఎద్దు పోయింది, ఎద్దుతో పాటే దిబ్బ కరిగింది.

పల్నాడు నల్లరేగడిలో పత్తి పెరిగింది. 1987-88లో తెల్లదోమ పడింది. పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు కొట్టిన కొద్దీ దోమను తినే మిత్రపురుగులు చచ్చాయి, దోమ మాత్రం రెట్టింపైంది. పంట పోయి, అప్పులు తీరక గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మన భాషలో ఎరువంటే అరువు తెచ్చుకున్నది కూడా. "ఎరువు సొమ్ము బరువు చేటు" అన్న సామెత ఆ ఇళ్లలో అక్షరాలా నిజమైంది. ఆ సంవత్సరాన్ని మరిచిపోయి ఇక్కడి వ్యవసాయం గురించి మాట్లాడకూడదని నా నమ్మకం. 1992లో భాస్వరం, పొటాష్ ధరలపై నియంత్రణ ఎత్తేసి యూరియాను మాత్రం చౌకగా ఉంచారు. దాంతో చేలో యూరియా వాటా ఇంకా పెరిగింది.

తిరుగుదారి 2004 తర్వాత మొదలైంది. పొదుపు సంఘాల మహిళలు పురుగుమందులు లేని సాగును ఊళ్లలోకి తెచ్చారు. 2016 నుంచి ప్రభుత్వ రైతు సాధికార సంస్థ రసాయనాలు లేని ప్రకృతి సాగును రాష్ట్రమంతా నడిపిస్తోంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. ఎకరానికి 200 లీటర్ల డ్రమ్ము నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపితే జీవామృతం. మందల కొద్దీ పశువులు లేని రైతుకు ఇదే పెద్ద ఊరట.

ఎర్రలతో (వానపాములతో) చేసే వర్మీకంపోస్టు మీద మాత్రం పేచీ ఉంది. బయటి జాతి ఎర్రలు మన నేలలో పనిచేయవని ప్రకృతి సాగు ప్రచారకుడు సుభాష్ పాలేకర్ వాదన. నేను ఒప్పుకోను. పాక నీడలో తొట్టి మీది తడి గోనె పట్టా ఎత్తి చూడండి. ఎర్రలు చప్పున లోపలికి జారిపోతాయి, పైన టీపొడిలా గింజ గింజగా ఎరువు మిగులుతుంది. పచ్చి పేడ వేస్తే వేడికి అవి చస్తాయి కాబట్టి ముందు రెండు మూడు వారాలు మాగనివ్వాలి. అరటి బోదెలు, కూరగాయల చెత్త తగలబెట్టే ఊరికి ఇది మంచి దారి.

అసలు ముడి కౌలు దగ్గర ఉంది. డెల్టాలో చేను దున్నేది ఎక్కువగా కౌలు రైతే. నేలలో సేంద్రియ పదార్థం పెరగడానికి ఏళ్లు పడుతుంది. 2019 చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చిన సాగు హక్కు పత్రం గడువు 11 నెలలు. ఈ ఏడు కంపోస్టు తోలితే వచ్చే ఏడు ఆ చేను ఎవరి చేతికి పోతుందో తెలియదు. యూరియా చల్లితే వారంలో పైరు పచ్చబడుతుంది.