బొమ్మకి గ్రేడు ఎలా వేస్తారు?

చిరంజీవులైన పిల్లలకు, మీ పాత డ్రాయింగ్ మాస్టారి ఆశీస్సులు.

మొన్న బడికి వచ్చినప్పుడు ఆరో తరగతి అమ్మాయి ఒకతె, "మాస్టారూ, లెక్కకైతే జవాబు ఉంటుంది. మరి బొమ్మకి ఏ అనీ బి అనీ ఎలా వేస్తారు?" అని అడిగింది. ఇంతలో గంట కొట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నా క్లాసులో ఇద్దరు అబ్బాయిలు ఉండేవారు. ఒకడు క్యాలెండర్ మీద గళ్లు గీసుకుని, కాగితం మీదా అవే గళ్లు గీసి, దేవుడి బొమ్మని అచ్చుగుద్దినట్టు దించేవాడు. ప్రతిసారీ ఏ వేసేవాణ్ణి. రెండోవాడు ఎప్పుడూ గేదెనే వేసేవాడు. జూలైలో వేసిన గేదెకి నాలుగు కాళ్లూ బల్లకోళ్లలా నిటారుగా ఉన్నాయి. బి వేశాను. ఆ తర్వాతా బినే వేశాను.

ఏడాది చివర బీరువా సర్దుతుంటే వాడి కాగితాలన్నీ ఒక్కచోట దొరికాయి. నేల మీద వరసగా పరిచాను. సెప్టెంబరు గేదెకి డొక్కలో ఎముకలు కనబడుతున్నాయి. జనవరి గేదెకి వెనక కాలు మధ్యలో వెనక్కి వంగింది. నిజం గేదెకి అలాగే ఉంటుంది. దొడ్లోకెళ్లి నిలబడి చూస్తే తప్ప అది చేతికి రాదు. క్యాలెండర్ అబ్బాయివి కూడా తీసి పరిచాను. ఏది జూలైదో, ఏది ఫిబ్రవరిదో పోల్చుకోలేకపోయాను. చూసి దించడమూ పనితనమే, కాదనను. కానీ ఆ ఏడాది ఎక్కువ నేర్చుకున్నవాడికి నేను తక్కువ గ్రేడు వేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అంటే కళలో తప్పొప్పులు చూడకూడదని కాదు. మెలికల ముగ్గు వేస్తే మీ అమ్మమ్మ బాగుందని ఊరుకుంటుందా? "చుక్కలు సమంగానే పడ్డాయి, ఈ మూల మెలిక తిప్పేటప్పుడు చెయ్యి ఆగింది" అంటుంది. సంగీతం టీచరూ అంతే. సరళి స్వరాలు రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి, వెళ్లేసరికి తాళం తప్పిందా అని వింటారు. గొంతు తియ్యదనం తర్వాతి సంగతి.

అమెరికాలో 1997లో దేశమంతటి నుంచీ ఎంచిన ఎనిమిదో తరగతి పిల్లలకి సంగీతం, నాటకం, చిత్రకళల్లో ఒక పరీక్ష పెట్టారు. నాట్యం కూడా పెడదామనుకున్నారు గానీ, నాట్యం నేర్పే బడులే తగినన్ని దొరకలేదు. 2008లో సంగీతం, చిత్రకళల్లో మళ్లీ పెడితే దాదాపు 7,900 మంది రాశారు. ఒక వాద్యం వినిపిస్తే, అది క్లారినెట్ (నోటితో ఊదే వాద్యం) అని సంగీతం రాసినవారిలో సగం మంది దాకా గుర్తుపట్టారు. చిత్రకళ రాసినవారిని తమ ముఖం తామే గీయమన్నారు కూడా. శ్రద్ధగా పెట్టిన పరీక్షే. అయినా ఒక్క పూటలో గేదె కాలు ఎప్పుడు వంగిందో కనబడదు కదా! అదే దేశంలో పిట్స్‌బర్గ్ బడుల్లో 1980లలో వేరే పద్ధతి నడిచింది. చిత్తు గీతలు, మధ్యలో వదిలేసినవి, వాటి గురించి పిల్లలు రాసుకున్న మాటలు అన్నీ ఒక ఫైల్లో ఉంచి, టీచరూ పిల్లలూ కూర్చుని చూసుకునేవారు. నాకు ఇదే నచ్చింది.

మన దగ్గర కళావిద్యకి గ్రేడు ఉంది. కానీ పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది డ్రాయింగ్ పీరియడే. చివర్లో రిజిస్టరులో అందరికీ ఏ పడిపోతుంది. బొమ్మ చూడకుండా వేసిన ఏ కన్నా, చూసి వేసిన బి నయం. బి వస్తే టెన్షన్ పడకండి. "ఎక్కడ కుదరలేదు టీచర్?" అని అడగండి. అడగడం మీ హక్కు.

ఇకమీదట కాగితాలు చింపకండి. వెనక తేదీ వేసి, ఏది కుదరలేదో ఒక్క ముక్క రాసి, ఒక ఫైల్లో పెట్టండి. సంక్రాంతి సెలవులయ్యాక వస్తాను. ఆ ఫైళ్లు పట్టుకురండి, చింపేద్దామనుకున్నవి కూడా. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయిది ముందు చూస్తాను.