ఆర్ట్స్ కాలేజీకి, ఇంజనీరింగ్ కాలేజీకి మధ్య గోడ ఎప్పుడు లేచింది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో విజయవాడలో ఏ ఇంటికి వెళ్లినా వినిపించే ప్రశ్న ‘ఏ గ్రూపు?’ అన్నదే. ఎంపీసీ అంటే ఇంజనీరింగ్, బైపీసీ అంటే డాక్టరు, మిగిలినవి ‘ఆర్ట్స్’. పదిహేనేళ్ల వయసులో జరిగే ఈ పంపకానికి అలవాటు పడినవారికి, అమెరికాలో భాషలు, చరిత్ర, విజ్ఞానశాస్త్రాలు కలిపి బోధించే లిబరల్ ఆర్ట్స్ కళాశాలలోనే ఇంజనీరింగ్ చదవవచ్చునంటే అర్థం కాకపోవడంలో వింత లేదు.

చిక్కంతా ‘ఆర్ట్స్’ అన్న మాటతోనే వచ్చింది. ఐరోపా మధ్యయుగాల విద్యలో లిబరల్ ఆర్ట్స్ ఏడింటిలో వ్యాకరణం, తర్కం, అలంకారశాస్త్రాలతో పాటు గణితం, జ్యామితి, ఖగోళశాస్త్రం, సంగీతం కూడా ఉండేవి. లెక్కలు లేని చదువు అన్న అర్థం ఆ మాటకు మన దగ్గర అంటుకుంది. అమెరికాలోని యూనియన్ కళాశాల 1845లోనే ఇంజనీరింగ్ బోధన మొదలుపెట్టింది. స్వార్త్‌మోర్ కళాశాలలో నేటికీ ఇంజనీరింగ్ ఒక విభాగం. స్మిత్ అనే మహిళా కళాశాల నుంచి తొలి ఇంజనీరింగ్ పట్టభద్రులు 2004లో బయటికి వచ్చారు. ఇంజనీరింగ్ విభాగం లేని కొన్ని కళాశాలల్లో ‘మూడు–రెండు’ పద్ధతి ఉంది: మూడేళ్లు అక్కడ, రెండేళ్లు వేరే ఇంజనీరింగ్ విద్యాసంస్థలో చదివితే ఐదేళ్లలో రెండు పట్టాలు చేతికి వస్తాయి.

మన ప్రాంతంలో ఇంజనీరింగ్ చదువు కళాశాల నుంచి కాక సర్కారు పనుల నుంచి పుట్టింది. కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు తవ్వించడానికి, లాకులు నిలబెట్టడానికి ప్రభుత్వానికి ఓవర్సీర్లు, సర్వేయర్లు కావలసి వచ్చారు. మద్రాసులో 1794లో సర్వే బడిగా మొదలై, తరువాత గిండీకి చేరిన సంస్థ పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంజనీరింగ్ కళాశాలగా మారడానికి వెనక ఉన్నది ఇటువంటి అవసరమే. అందుకే ఆ చదువుకు మొదటి నుంచీ ఉద్యోగమే గమ్యమైంది.

అయినా గిండీకి వెళ్లే దారి చాలాకాలం ఆర్ట్స్ కాలేజీ మీదుగానే సాగింది. అప్పట్లో ఇంటర్మీడియట్ డిగ్రీ కళాశాలల్లోనే ఉండేది కనుక, 1885లో మొదలైన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల వంటి చోట్ల రేపటి ఇంజనీరు, రేపటి వకీలు ఒకే ఇంగ్లీషు పాఠం విన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైతం 1926లో పుట్టింది బెజవాడలోనే; వాల్తేరుకు తరలింది 1930లో. ఆ విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948–49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, వృత్తివిద్యలు చదివేవారికి కూడా సాధారణ విద్య అవసరమని సిఫారసు చేసింది. ఆ సలహా ఇక్కడి కళాశాలల గడప దాటి లోపలికి రాలేదనే చెప్పాలి.

గోడ నిజంగా లేచింది ఆ తరువాతనే. రాష్ట్రంలో 1969–70 నుంచి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చి, జూనియర్ కళాశాల డిగ్రీ కళాశాల నుంచి విడిపోయింది. ఎనిమిదేళ్లకు, 1977లో, విజయవాడ కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల ప్రైవేటు రంగంలో వెలిసింది. ఎనభైలలో బాపట్ల, వడ్డేశ్వరం, గుంటూరు చుట్టుపక్కల మరికొన్ని వచ్చాయి. ప్రవేశ పరీక్ష ర్యాంకే సర్వస్వమయ్యాక, ఇంటర్మీడియట్‌లో తెలుగును వదిలి మార్కుల కోసం సంస్కృతం తీసుకోవడం పిల్లలకు మామూలైంది.

ఆర్ట్స్, ఇంజనీరింగ్ కళాశాలలు వేర్వేరు విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉండడమే ఈ గోడకు కారణమని కొందరంటారు. నాకు అది పూర్తి నిజమనిపించదు. 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం కింద చాలాకాలం ఆర్ట్స్ కళాశాలలూ ఇంజనీరింగ్ కళాశాలలూ కలిసే ఉన్నాయి. అయినా సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి పక్క కళాశాలకు వెళ్లి చరిత్ర పాఠం విని మార్కులు తెచ్చుకొనే వీలు ఎవరూ కల్పించలేదు. 1953లో స్థాపితమైన ఆంధ్ర లయోలా కళాశాల ఆవరణలో 2008లో ఇంజనీరింగ్ విద్యాసంస్థ వచ్చినప్పుడు కూడా, అది ఆ కళాశాలలో ఒక విభాగంగా కాక కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధంతో విడి సంస్థగానే ఏర్పడింది. నిబంధనలు విడి సంస్థకే వీలిచ్చాయి, నిజమే. అడిగినవారు మాత్రం ఎవరున్నారు?

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ప్రకటించిన నమూనా పాఠ్యప్రణాళికలో మొత్తం 160 క్రెడిట్లకు గాను మానవీయ, సామాజిక శాస్త్రాలకు, మేనేజ్‌మెంటుకు కలిపి దక్కినవి 12. వాటి గతి ఏమిటో చూడాలంటే సెమిస్టరు ముగిశాక విజయవాడ లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల కొట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు. గణితం, సర్క్యూట్ల పుస్తకాలు అట్టలూడి, పెన్సిలు గీతలతో, అంచుల్లో ‘ఇంపార్టెంట్’ అన్న రాతలతో వస్తాయి. ఎకనామిక్స్, నీతిశాస్త్రం పుస్తకాల్లో మొదటి యూనిట్ దాటాక గీత కనబడదు.

2020 నాటి జాతీయ విద్యా విధానం ఐఐటీలు సహా ఇంజనీరింగ్ సంస్థలు బహువిషయక విద్యవైపు మళ్లాలని కోరింది. అంతకు ముందే, 2017లో, గుంటూరు జిల్లా నీరుకొండలో మొదలైన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, లిబరల్ ఆర్ట్స్ ఒకే గొడుగు కిందకు వచ్చాయి. అక్కడికి చేరే పిల్లలకు మాత్రం ఏ గ్రూపన్నది రెండేళ్ల ముందే తేలిపోయి ఉంటుంది.