ఎగువకు పట్టిన పడవ

చిరంజీవులు అమ్ములుకీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మా ఊరి కొబ్బరితోటలో పెయింట్‌బాల్, అదే గన్నుతో ఒకరి మీద ఒకరు రంగు బంతులు పేల్చుకునే ఆట, ఆడి వెళ్ళిన దగ్గర్నుంచీ అమ్ములుది ఒకటే ప్రశ్న. "సరిగ్గా అన్నయ్య గుండెకే గురిపెట్టాను తాతయ్యా. దగ్గరుంటే తగిలింది. దూరం పోతే వాడి కాళ్ళ ముందు పడింది. ఎందుకు?" ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ అన్నానికి పిలుస్తుంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

లెక్కలు వద్దు. పడవ సంగతి చెబుతాను, వినండి.

ఇప్పుడు మీరు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, కారుతో సహా నరసాపురంలో దిగుతున్నారు. మా చిన్నప్పుడు మా లంక నుంచి బడికి వెళ్ళాలంటే గెడ వేసే పడవే గతి. పడవ నడిపే ముసలాయన రేవు వైపు ఎప్పుడూ ముక్కు పెట్టేవాడు కాదు. రేవు ఎదురుగా కనబడుతుంటే పడవని ఎగువకు, ఎక్కడో తుమ్మచెట్ల వైపు పట్టేవాడు. కొత్తగా ఎక్కినవాళ్ళు గోల పెట్టేవారు, "రేవు అటుంటే ఇటెక్కడికి పోతావయ్యా" అని. ఆయన పలికేవాడు కాదు. నోట్లో చుట్ట ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చేవాడు, అంతే. నీళ్ళు పడవని దిగువకు లాక్కుపోతూ పోతూ, సరిగ్గా రేవు మెట్ల దగ్గరే చేర్చేవి. శ్రావణంలో వరద ఎర్రనీరు తగిలితే ఇంకా పైకి పట్టేవాడు. పడవ ఏ మెట్టుకు తగులుతుందో అని మేం చింతపిక్కలు పందెం కాసేవాళ్ళం. ఆ పందేల సంగతి మా అమ్మకు తెలిసిన రోజు గురించి వేరే ఉత్తరం రాస్తాను.

అమ్ములూ, నీ బంతి ఆ పడవే. భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది, గోదావరి పడవని దిగువకు లాగినట్టు. నువ్వేమో తిన్నగా రేవుకే ముక్కు పెట్టావు.

ఇంకోటి కూడా ఉంది. ఒడ్డు దగ్గర గెడ నేలకు అందుతుంది కాబట్టి పడవ జోరుగా కదులుతుంది. నడి ఏట్లో గెడ అందదు. అక్కడ పడవ మందగిస్తుంది, నీళ్ళు తమ ఇష్టం వచ్చినట్టు లాక్కుపోతాయి. బంతికి కూడా గన్ను గొట్టంలో ఉన్నంతసేపే తోపు. బయటికొచ్చాక తోసేవాళ్ళు లేరు, గాలి అడ్డం పడుతుంది. బంతి బరువు మూడు గ్రాములు, అంతే. మన తోటలో కుర్రాడు స్పీడ్ మీటర్ పెట్టి చూపించాడు గుర్తుందా? సెకనుకు 280 అడుగులు దాటనివ్వడు. చాలా చోట్ల అదే కట్టుబాటు, కొన్నిచోట్ల 300 దాకా ఒప్పుకుంటారు. ఆ జోరు వంద అడుగులు పోయేసరికి ఇంచుమించు సగమైపోతుంది. అప్పటికి బంతి దాదాపు గజం కిందికి దిగుతుంది కూడా. కాబట్టి వంద అడుగుల్లో ఉన్న అన్నయ్య గుండెకు తగలాలంటే వాడి తల మీదుగా వదలాలి. ఇంకా దూరమైతే ఇంకాస్త పైకి. అలాగని గన్నుని ఆకాశానికి ఎత్తకు. మరీ ఎత్తితే బంతి పైకెళ్ళి నీ ముందే పడుతుంది, ముసలాయన మరీ ఎగువకు పట్టి తుమ్మచెట్లలోనే దిగబెట్టినట్టు.

చిన్నోడా, నువ్వు పరిగెత్తేవాళ్ళ మీద పేల్చి ఒక్కటీ తగల్లేదని అలిగావు. 200 అడుగులు పోవడానికి బంతికి సెకను పైనే పడుతుంది. ఆ లోపల పరిగెత్తేవాడు నాలుగైదు అంగలు వేసేస్తాడు. వాడు ఇప్పుడున్న చోటికి కాదురా, చేరబోయే చోటికి వదలాలి. ఏ చెట్టు చాటుకు పోతున్నాడో చూసుకుని ఆ చెట్టు పక్కకి పంపు.

మొదటి బంతి తగలదు. తగలాలని చూడకు కూడా. అది ఎక్కడ పడిందో చూడు. కురచైతే కొంచెం ఎత్తు, ఎడమకి పోతే కొంచెం కుడికి జరుపు, మళ్ళీ వదులు. కళ్ళు మూసుకుని గడగడా పేల్చేవాడికి బంతులు ఖాళీ అవుతాయి, అంతే. ట్రిగ్గర్ మెల్లగా లాగు, గన్ను అదరకూడదు. గన్ను వెనక ఉండే గాలి సిలిండర్ భుజానికి ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి వదిలాక నొక్కు.

గాలిని కూడా చూసుకోవాలి. మన వైపు మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. మూడు గ్రాముల బంతిని ఇట్టే పక్కకు నెట్టేస్తుంది. కొబ్బరిమట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి, గాలి వచ్చే వైపుకు కాస్త పట్టు. కొబ్బరి మధ్య అరటి వేసిన చోట దూరపు గురి అసలు వద్దు. బంతి అరటాకుకు తగిలి అక్కడే పగులుతుంది, ఆకుకు రంగు, నీకు నవ్వులు.

చిన్నోడు పొడుగు గొట్టం కొనిపెట్టమని నాన్నను వేధిస్తున్నాడట. పొడుగైతే దూరం పోతుందనుకోవడం వట్టి భ్రమ. గొట్టం శుభ్రంగా ఉండటం ముఖ్యం. లోపల ఒక బంతి పగిలిందంటే తరవాతివి అన్నీ వంకరే పోతాయి. అడుగున నాచు పట్టిన పడవ సంగతి చెప్పాలా? లోపల తుడిచాకే మళ్ళీ పేల్చు. బంతి పైతొక్క జిలాటిన్‌ది, లోపలిది నీళ్ళతో కడిగితే పోయే రంగు. మన గోదావరి గాలిలో తేమకు ఆ తొక్క ఉబ్బి గుండ్రం తప్పుతుంది. గుండ్రం తప్పిన బంతి తిన్నగా పోదు. ఆడేదాకా కవర్ మూసే ఉంచండి, ఎండలో కారులో వదలకండి.

ఈ గన్నులు ఆట కోసం పుట్టినవి కావు. అమెరికాలో అడవుల్లో చెట్లకీ, మందల్లో పశువులకీ దూరం నుంచి గుర్తు పెట్టడానికి చేశారు. 1981 జూన్‌లో న్యూహాంప్‌షైర్ అడవిలో 12 మంది వాటితో జెండాల ఆట ఆడారు. అదే మొదటి ఆట. గెలిచినాయన అడవి పని తెలిసినవాడు. చడీచప్పుడు లేకుండా చెట్ల చాటున తిరిగి జెండాలన్నీ పట్టుకొచ్చేశాడట, ఒక్క బంతి కూడా పేల్చకుండానే! దూరపు గురి నేర్పమని అడిగినవాళ్ళకి ఈ కథ చెప్పడం చాదస్తమే, కానీ చెప్పకుండా ఉండలేను.

ఇక తాతయ్య చాదస్తం ఇంకొంచెం. చెమట పోసినా, అద్దం మసకబారినా ఆట చోటులో మాస్క్ తీయకూడదు. దారి కనబడకపోతే రిఫరీని పిలిచి చెయ్యి పట్టుకుని బయటికి రండి. ఆట అయ్యాక గొట్టం మూతికి కవర్ తొడగండి. దగ్గరికొచ్చినవాడి మీద పేల్చకండి, లొంగిపొమ్మని అడగండి. తోటలో పిట్టల మీద ఒక్క బంతి పడిందని తెలిస్తే మళ్ళీ నేను ఆటకు పంపను, మీ నాన్న చెప్పినా సరే.

అన్నీ చెప్పేశానా? లేదు. కొన్ని బంతులు బాగానే పోతూ పోతూ ఉన్నట్టుండి పక్కకు ఒరుగుతాయి. గొట్టంలోంచి వచ్చేటప్పుడు గిర్రున తిరుగుతూ వస్తే, గాలి వాటిని తిప్పు ఎటుంటే అటు లాగేస్తుంది. ఏటి సుడిలో పడిన పడవ కూడా ఇంతే. పైభాగం వెనక్కి, అడుగుభాగం ముందుకీ తిరిగిన బంతి మాత్రం కిందికి దిగకుండా తేలుతూ ఎక్కువ దూరం పోతుంది. కావాలని అలా తిప్పడానికి వంపు గొట్టాలు చేసినవాళ్ళున్నారు. మామూలు గొట్టంలో మాత్రం ఏ బంతి ఎటు తిరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఇక్కడ నా పడవ పోలికకు చిల్లు పడుతుందని మీ నాన్న అంటాడు. అననివ్వండి.

దసరాకు వచ్చినప్పుడు ఒక పని చెయ్యండి. చిన్నోడు దూరానికి పేలుస్తుంటే అమ్ములు వాడి వెనక, భుజం పక్కగా నిలబడాలి, మాస్క్‌తోనే. మనిషిని చూడకు, బంతినే చూడు. కంటికి అందేంత నెమ్మదిగానే పోతుంది. ఎక్కడ వంగడం మొదలుపెట్టింది, ఏ వైపు ఒరిగింది, అరటాకులు దాటిందా లేదా అన్నీ గుర్తు పెట్టుకుని నాకు చెప్పు. పసుపు రంగు బంతులు బాగా కనబడతాయో, గులాబీవో అది కూడా చూడు.

ఇట్లు,
మీ తాతయ్య